పరిశోధక విద్యార్థికి ఫెలోషిప్పు: నిజాం కాలం నుంచి నేటి దాకా

1895లో పదహారేళ్ళ సరోజినీ చట్టోపాధ్యాయ చదువు కోసం హైదరాబాదు నుంచి ఇంగ్లండు వెళ్ళింది. ఆమే తరువాత సరోజినీ నాయుడు. ఆ చదువుకు వేతనమిచ్చింది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం. ఇది మనం నేటికీ గర్వంగా చెప్పుకునే విషయమే. అయితే అది ప్రభువు ఆదరణ. ఆదరణ వేరు, హక్కు వేరు.

హక్కుగా అడగదగిన పరిశోధక వేతనం స్వాతంత్ర్యం తర్వాతి మాట. మౌలానా ఆజాద్ విద్యామంత్రిగా ఉన్నప్పుడు 1953 డిసెంబరు 28న ప్రారంభించిన యూజీసీకి 1956లో చట్టబద్ధత వచ్చింది. 1989 నుంచి నెట్ పరీక్ష జరుగుతోంది. అందులో పైవరుసన నిలిచినవారికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు. అది ఎవరు రాసినా మార్కుల మీదే.

మరి మన పిల్లలు ఆ మెట్టుదాకా వస్తున్నారా? 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూస్తే, పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒకరు, పీజీలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలు. ఈ నేపథ్యంలోనే 2009లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పు వచ్చింది. ముస్లింలకే కాదు, మైనారిటీలందరికీ. మొదట్లో ఏటా 756, తరువాత 1000. అందులో 30 శాతం ఆడపిల్లలకు. ఎం.ఫిల్., పీహెచ్‌డీ చేసేవారికి అయిదేళ్ళ వరకు నెలనెలా డబ్బు, ఇంటి అద్దె, పుస్తకాలకూ ప్రయాణాలకూ విడిగా కొంత.

విద్యాశాస్త్రంలో పరిశోధన చేసేవారికి ఈ చివరిది చిన్న విషయం కాదు. వారి ప్రయోగశాల బడే. ఊరూరా తిరిగి పంతుళ్ళతో, పిల్లలతో మాట్లాడాలి, ప్రశ్నపత్రాలు అచ్చు వేయించాలి. బస్సు చార్జీలే తడిసి మోపెడవుతాయి! పైగా ఈ శాస్త్రంలోకి వచ్చేసరికే ఆలస్యమౌతుంది. డిగ్రీ మూడేళ్ళు, 2015 నుంచి బీఎడ్ రెండేళ్ళు, ఎమ్మెడ్ రెండేళ్ళు. మధ్యలో ఇల్లు గడవడానికి ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పినవాళ్ళే ఎక్కువ. జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్ళ వయోపరిమితి. స్త్రీలకు, రిజర్వేషన్ వర్గాలకు అయిదేళ్ళ సడలింపు ఉందిగాని, తక్కినవారికి ఆ 30 ఇట్టే వచ్చేస్తుంది.

మౌలానా ఆజాద్ ఫెలోషిప్పుకు తొలినాళ్ళలో నెట్ పాసవ్వాలన్న నిబంధన లేదు. పీహెచ్‌డీలో చేరి, పీజీ మార్కులు బాగుంటే చాలు. 2018 తరువాత నెట్ తప్పనిసరి అయింది. ఆపైన 2022 డిసెంబరులో, ఇతర పథకాలతో కలిసిపోతున్నదన్న కారణం చెప్పి కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో దీని రద్దును ప్రకటించింది. అప్పటికే ఎంపికైనవారికి గడువు దాకా కొనసాగింపే. కొత్తవారికి మాత్రం తలుపు మూసుకున్నది. కలిసిపోతున్నదనడం సరి కాదనే మా అభిప్రాయం. అందరితో పోటీపడి గెలిచేవారికి తలుపు ముందే ఉంది. ఇది ఆ పోటీదాకా రాలేనివారి కోసం పెట్టినది.

ఇక మిగిలినవేమిటి? జేఆర్‌ఎఫ్ ఉంది, 2023 సవరణతో మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టరల్ ఫెలోషిప్పు ఉంది. తల్లిదండ్రులకు ఒక్కతే కూతురైతే యూజీసీ వారి సావిత్రీబాయి జ్యోతిరావ్ ఫూలే ఫెలోషిప్పు చూడాలి. ఓబీసీ ఫెలోషిప్పు ఒకటుంది. దానికి చూసేది కేంద్ర జాబితా. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. దరఖాస్తుకు ముందే తమ కులం ఎందులో ఉందో చూసుకొని, సర్టిఫికెట్టు కేంద్ర నమూనాలోనే తీసుకోవాలి.