ఉమ్మడి చెరువు - మందులకు లొంగని క్రిములు

అనంతపురానికి చేరువలోని బుక్కరాయసముద్రం చెరువును క్రీ.శ. 1364లో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు నిర్మించినట్లు జిల్లా చరిత్ర చెబుతున్నది. వానలు కొరవడిన ఆ సీమలో చెరువు నీరు ఊరందరి ఉమ్మడి సొత్తు. ఎగువవారు నీరు వృథా చేస్తే కడపటి మడికి తడి అందదు. ఆంటీబయోటిక్ మందుల శక్తి కూడ ఇట్టి ఉమ్మడి సొత్తే. ఒక ఇంట అనవసరంగా వాడిన మందు వేరొక ఇంటి రోగికి పనిచేయకుండా పోవచ్చు.

అది ఎట్లు? మందు తగిలినప్పుడు దానికి లొంగే క్రిములు నశిస్తవి. తట్టుకొనగలిగినవి మిగిలి సంతతిని పెంచుకొంటవి. ఆ గుణాన్ని ఇరుగుపొరుగు క్రిములకు కూడ అందజేయగలవు. చాలీచాలని మోతాదులు క్రిములను మొండివిగా చేస్తవని పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి ఉపన్యాసంలోనే హెచ్చరించినాడు.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, అక్కడి డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను రాబట్టినాడు. 1948లో వెల్లడైన ఈ మందు టెట్రాసైక్లిన్ల వంశంలో మొదటిది. అది ఎందరి ప్రాణాలనో నిలిపినది. కాని కొలదికాలంలోనే, త్వరగా బరువు పెరగడానికని, జబ్బులేని కోళ్ళ, పశువుల మేతలో కూడ కలుపసాగినారు.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువులో ఔషధ కర్మాగారాల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించినారు. మందు సేవించిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటె అది ఎక్కువ. సమస్య ఆసుపత్రి గోడలతో ఆగదని దీనివలన తేటపడినది.

కనుక ఏ ఒక్క శాఖ ఈ పనిని సాధింపజాలదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2017లో భారత ప్రభుత్వం, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇందుకు ప్రణాళికలను వెలువరించినవి. వైద్య, పశువైద్య, పర్యావరణ శాఖలు కలిసి నడవడం వీటి సారం. ఏ క్రిమి ఏ మందుకు లొంగుతున్నదో ప్రయోగశాలల్లో కనిపెట్టడం, పరిశుభ్రతతో రోగాలను ముందే నివారించడం, వైద్యుని చీటీ లేనిదే మందు అమ్మకుండ చూడడం ఇందులోని ముఖ్యాంశాలు. పశుపోషణలో కోలిస్టిన్ వాడకాన్ని 2019లో దేశమంతట నిషేధించడం ఈ దారిలో ఒక అడుగు.

బుక్కరాయసముద్రం కట్ట తెగబోయినప్పుడు ముసలమ్మ అనే ఇల్లాలు ఊరికొరకు ప్రాణమర్పించినదని జనశ్రుతి. ఆ త్యాగం గొప్పదే. కాని ఏటేటా కట్టకు మన్ను పోసుకొనే ఊరికి అట్టి బలి అవసరముండదు. ప్రణాళిక కాగితం మీద ఉండిపోక, పల్లెలోని మందుల అంగడి దాక, పశువుల కొట్టం దాక చేరిననాడే కట్ట నిలుస్తుంది.