పొయ్యి లేని కణం



తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగుండా పోతుంది. చలికాలంలో ఆ దారిన వెళితే లోతులేని ఉప్పునీళ్లలో పొడుగు కాళ్ల ఫ్లెమింగోలు బారులు తీరి కనిపిస్తాయి. పిల్లలకు చూపిస్తాం, ఫొటోలు తీసుకుంటాం, వచ్చేస్తాం. ఆ పక్షి రక్తమూ ఎరుపే, మన రక్తమూ ఎరుపే. కాని రెండు చుక్కల్నీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. పక్షి ఎర్రకణం కోలగా ఉండి, నడుమ కేంద్రకం కనబడుతుంది. మన ఎర్రకణం గుండ్రంగా, చిల్లు పడకుండా వేలితో నొక్కిన గారెలా ఉంటుంది. అందులో కేంద్రకం లేదు. ఇంతకంటే చిన్న తేడా ఇంకొకటుంది. పక్షి ఎర్రకణంలో మైటోకాండ్రియా అనేవి కొన్ని ఉంటాయి, మనదానిలో ఒక్కటీ ఉండదు. చేప, కప్ప, కోడి పక్షివైపు. ఆవు, పిల్లి, మనం ఇటువైపు. గబ్బిలం ఎగిరినా మన జట్టే. (రొయ్యకు అసలు ఎర్ర రక్తమే లేదు, ఆ కథ వేరు.) పక్షి రక్తకణాల్లోని మైటోకాండ్రియా ఊరికే పడి లేవు, పనిచేస్తున్నాయని శాస్త్రజ్ఞులు కొలిచి చూపింది 2013లోనే.

మైటోకాండ్రియా అంటే ఏమిటి అంటారా? కణానికి అది పొయ్యి అనుకోండి. 1890లో ఆల్ట్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కణాలకు రంగులద్ది, లోపల నలుసుల్లాంటివి చూసి, ఇవేవో విడిగా బతికే సూక్ష్మజీవుల్లా ఉన్నాయే అన్నాడు. ఎవరూ పెద్దగా నమ్మలేదు. 1898లో బెండా వాటికి ఈ పేరు పెట్టాడు. గ్రీకులో దారం, గింజ అనే రెండు మాటలు కలిపి కట్టిన పేరది. పేరైతే వచ్చింది గాని, అవి చేసే పనేమిటో తేలడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

ఈ మధ్యలోనే మన తెలుగువాడు వస్తాడు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరంలోంచి ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఈ ఏటీపీ కణం చేతిలోని చిల్లర వంటిది. మనం తిన్న అన్నంలోని చక్కెర పెద్ద నోటు. బజారులో నోటు చెల్లాలంటే చిల్లర మార్చాలి కదా? ఆ మార్పిడిలో ఎక్కువ భాగం జరిగే చోటు మైటోకాండ్రియా అని 1948–49లో షికాగోలో కెన్నెడీ, లెనింజర్ ఎలుక కాలేయం మీద చేసిన ప్రయోగాలతో తేల్చారు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులోనే, 53వ ఏట కన్నుమూశారు.

ఇంతకీ ఈ పొయ్యి ఎవరింట్లో ఉంది, ఎవరింట్లో లేదు? కేంద్రకమున్న కణాలన్నింటా సాధారణంగా ఉంటుంది. చెట్టు, బూజు, పురుగు, మనిషి, అన్నీ అంతే. బాక్టీరియాకు ఉండదు. పెరుగు తోడుపెట్టే సూక్ష్మజీవికీ లేదు, పులికాట్ బురదలోని బాక్టీరియాకూ లేదు. ఎలా ఉంటుంది? మైటోకాండ్రియా పూర్వం ఒక బాక్టీరియమేననీ, మరో కణంలో చేరి కాపురం పెట్టిందనీ 1967లో లిన్ మార్గులిస్ అనే శాస్త్రవేత్త వాదించింది. తిప్పలుపడి అచ్చువేయించుకుంది, చివరకు నెగ్గింది. ఆల్ట్‌మన్ మాటలో నిజముందన్న మాట. కేంద్రకం ఉండీ మైటోకాండ్రియా ఆనవాలు కూడా లేని ఒక సూక్ష్మజీవి 2016లో బయటపడింది. అది చించిల్లా అనే ఎలుకజాతి జంతువు పేగులో దొరికింది.

మన ఒంట్లోనే చూడండి. క్షణం తీరిక లేని గుండె కండరంలో కణం పరిమాణంలో ఇంచుమించు మూడో వంతు ఇవే. కాలేయ కణంలో వెయ్యి దాకా, ఆపైనా ఉంటాయి. మనం దువ్వుకునే జుట్టులో, కత్తిరించే గోళ్లలో పనిచేసే మైటోకాండ్రియా లేదు, అవి ఎప్పుడో చనిపోయిన కణాలు. కంటి కటకం లోపలి కణాలు కూడా, వెలుతురు అడ్డులేకుండా పోవాలి గనక, వీటిని వదిలించుకుంటాయి.

ఎర్రకణం సంగతి మరీ చిత్రం. ఆఫీసుకు క్యారియరు తీసుకుపోయే మనిషి దారిలో మూత తీసి తినేస్తే ఏమవుతుంది? ఎర్రకణం మోసేది ప్రాణవాయువు. తనలో పొయ్యి ఉంటే ఆ ప్రాణవాయువును కొంత తానే ఖర్చుచేస్తుంది. అందుకే ఖాళీ చేసుకుని, జాగా అంతా హెమోగ్లోబిన్‌తో నింపుకుంది. తన బతుకు మాత్రం చక్కెరను సగం సగం విరిచి, ఒక్కో అణువుకు రెండే ఏటీపీలతో వెళ్లదీస్తుంది. పొయ్యి ఉన్న కణానికైతే దాదాపు ముప్ఫై వస్తాయి. మరమ్మతులు లేక 120 రోజులకు ముగిసిపోతుంది.

అయితే పుట్టుకతో అది ఇలా లేదు. ఎముకల మూలుగలో ఉన్నప్పుడు దానికీ మైటోకాండ్రియా ఉంటాయి. హెమోగ్లోబిన్‌లో ఇనుము కూర్చునే భాగాన్ని హీమ్ అంటారు. హీమ్ తయారీ మొదలయ్యేదీ, చివర్న ఇనుము చేరేదీ ఆ పొయ్యి మీదే. వంట పూర్తయ్యాక పొయ్యిని అవతల పారేస్తుంది. తర్వాత ఇనుము ఎంత తిన్నా ఆ కణానికి పనికిరాదు, కొత్తగా పుట్టేవాటికే. రక్తం పట్టడానికి వారాలూ నెలలూ పట్టేది అందుకే. నాలుగు మాత్రలు మింగి గుణం లేదని మానేసేవారు ఈ సంగతి గమనించాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే బద్ధకమనే ఇళ్లున్నాయి. క్యారియరు అందక పొయ్యి ఆరిపోతుంటే దాన్ని బద్ధకమని ఎలా అంటాం?

ఇనుము ఒక్కటే చాలదు. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో ప్రకటించింది. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తర్వాత తెలిసింది. 1941లో పాలకూర నుంచి తీసినప్పుడు, ఆకు అనే లాటిన్ మాట మీద పెట్టిన పేరు అది. మూలుగలో కొత్త కణాలు సరిగా పుట్టాలంటే అది కావాలి. ఇవాళ గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతోబాటు అదీ ఉంటుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసి చూపిన బృందానికి నాయకుడు సుబ్బారావుగారే.