మరమ్మతు చేసే చేతులు

పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకొక వెలితి తోస్తుంది. కట్టించిన భాస్కర రాకుమారుడి పేరు అందులో ఉంది. రెండేళ్లు శ్రమించిన వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లతో పాటు లెక్కలోకి మాత్రమే ఎక్కారు. అయినా మరమ్మతు లేనిదే చెరువు నిలవదని ఆ భూస్వామ్య వ్యవస్థకు సైతం తెలుసు. కడప, కర్నూలు సీమల్లో దశబంధ ఇనాములు వెలిసింది అందుకే: చెరువు కట్టినందుకూ, దాన్ని కాపాడుతున్నందుకూ భూమి. (ఆ భూమి మట్టి మోసినవాడికి దక్కిందా అన్నది వేరే అడగాలి.)

నేడు ఈ సీమలో చాలా పైర్లకు బోరే దిక్కు. మోటారు కాలితే వైండింగ్ షాపుకు పరుగెత్తాలి. అయితే కొత్త యంత్రాల విడిభాగాలూ, వాటి లోగుట్టూ కంపెనీల గుప్పిట్లోకి పోతున్నాయి. 2022 జులైలో కేంద్రం మరమ్మతు హక్కుపై సంఘం వేసింది. వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చింది. డిసెంబరులో పోర్టల్ తెరిచింది. 2025 మే నెలలో మరో సంఘం, వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో మార్కులు ప్రకటించాలంది. అదీ ముందు ఫోన్లకూ, ట్యాబ్లెట్లకూ. మార్కులు వేసుకునేది తయారుచేసిన కంపెనీలే! రాసినవాడే దిద్దుకునే పరీక్ష నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. చట్టం మాత్రం రాలేదు.

ఈ కాగితాలన్నీ ప్రధానంగా కొనేవాడి గురించే మాట్లాడతాయి. తీగ చుట్టేవాడు అంచున నిలబడ్డాడు. మన కథల్లో అతనెక్కడున్నాడు?