తెర తెరుచుకునే ముందు: విద్యార్థి చిత్రంలో తొలి ఘట్టం



చలనచిత్రం తీయాలన్న ఉత్సాహం ఈనాడు మీలో చాలామందికి ఉంది. కళాశాల వార్షికోత్సవానికో, విజ్ఞాన ప్రదర్శనకో, ఏదైనా పోటీకో పది నిమిషాల చిత్రం తీయడం ఇప్పుడు అరుదైన విషయం కాదు. చేతిలో ఉన్న ఫోనులోనే కెమెరా ఉంది. ఎడిటింగ్ చేసుకునే వీలు కూడా అందులోనే ఉంది. అయితే ఇలాంటి చిత్రాలను వరుసగా పది చూసినవారికి ఒక సంగతి త్వరగానే తెలిసిపోతుంది. వాటిలో చాలావరకు ఒకే విధంగా మొదలవుతాయి. సూర్యోదయం, అలారం మోత, పళ్ళు తోముకుంటున్న కథానాయకుడు, బస్సు కోసం పరుగు. రెండు నిమిషాలు గడిచినా చిత్రం దేని గురించో మనకు తెలియదు.

తొలి ఘట్టాన్ని ఎలా ఆలోచించాలి? కాగితం మీద ఎలా పెట్టాలి? ఎలా తీయాలి? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి సినిమా బడుల చరిత్ర మనకు బాగా ఉపయోగపడుతుంది. ఆ చరిత్ర ఒక కొరతతో మొదలవుతుంది.

ఫిలిం లేని సినిమా బడి

1919లో మాస్కోలో ప్రభుత్వ చలనచిత్ర పాఠశాల ఏర్పడింది. ప్రపంచంలో తొలి సినిమా బడిగా దీన్నే చెబుతారు. అది రష్యాలో అంతర్యుద్ధం సాగుతున్న కాలం. తిండికి, కట్టెలకు కటకటగా ఉన్న రోజుల్లో విదేశాల నుంచి రావలసిన ముడి ఫిలిం ఎక్కడి నుంచి వస్తుంది? బడి ఉంది, విద్యార్థులు ఉన్నారు, ఫిలిం మాత్రం లేదు.

అక్కడ పాఠాలు చెప్పిన లెవ్ కులెషోవ్ 1899లో పుట్టినవాడు. అంటే శిష్యుల వయసుకు, ఆయన వయసుకు పెద్ద తేడా లేదు. ఆయన ఒక మార్గం కనిపెట్టాడు. కెమెరా ముందు నటించినట్టే విద్యార్థులు చిన్న చిన్న కథలను రంగస్థలం మీద ప్రదర్శించేవారు. కానీ మామూలు నాటకంలా కాదు. ఒక్కొక్క షాట్‌గా విడదీసి, ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఎంతసేపు అని లెక్క కట్టి ఆడేవారు. వీటికి 'ఫిలిం లేని ఫిలింలు' అని పేరు వచ్చింది. ఒక్క అడుగు ఫిలిం కూడా ఖర్చు కాకుండా వారు షాట్ల క్రమాన్ని నేర్చుకున్నారు.

ఫిలిం ఎంత విలువైనదో అర్థం కావడానికి చిన్న లెక్క చూద్దాం. 35 మిల్లీమీటర్ల ఫిలింలో ఒక అడుగుకు 16 ఫ్రేములు ఉంటాయి. శబ్దచిత్రాలు వచ్చాక సెకనుకు 24 ఫ్రేములు అన్న వేగం స్థిరపడింది. అంటే సెకనుకు ఒకటిన్నర అడుగు, నిమిషానికి 90 అడుగులు. రెండు నిమిషాల తొలి ఘట్టానికి 180 అడుగులు కావాలి. ప్రతి షాట్‌ను నాలుగేసి సార్లు తీస్తే 720 అడుగులు. కెమెరా తిరుగుతున్న ప్రతి సెకనూ డబ్బే. అందుకే ఆ కాలంలో ముందు కాగితం మీద ఆలోచించడం అలవాటైంది.

ఒకే ముఖం, మూడు అర్థాలు

కులెషోవ్ పేరుతో ప్రసిద్ధమైన ప్రయోగం కూడా ఈ కాలానికి చెందినదే. ఇవాన్ మొజూఖిన్ అనే ప్రముఖ నటుడు పాత చిత్రంలో కనిపించిన ఒక ముఖాన్ని ఆయన తీసుకున్నాడు. ఆ ముఖంలో ప్రత్యేకమైన భావమేదీ లేదు. ఆ ముఖాన్ని ఒకసారి సూపు పళ్ళెంతో, ఒకసారి శవపేటికలో ఉన్న స్త్రీతో, ఒకసారి బొమ్మతో ఆడుకుంటున్న పాపతో జతపరిచాడు. చూసినవారు మొదటిదానిలో ఆకలిని, రెండవదానిలో దుఃఖాన్ని, మూడవదానిలో వాత్సల్యాన్ని చూశారట. నటుడు ఎంత గొప్పగా నటించాడో అని మెచ్చుకున్నారట. అసలు ఫిలిం ఈనాడు లభ్యం కాదు. ఆ బృందంలో శిష్యుడిగా ఉండి, తర్వాత పెద్ద దర్శకుడైన పుదోవ్‌కిన్ రాసిన వివరణ వల్ల ఈ ప్రయోగం లోకానికి తెలిసింది.

దీన్ని సాధారణంగా ఎడిటింగ్ పాఠంగా చెబుతారు. మనం దీన్ని తొలి ఘట్టానికి అన్వయించి చూద్దాం. ఒక షాట్‌కు అర్థం దాని పక్కనున్న షాట్ వల్ల వస్తుంది. మరి మొట్టమొదటి షాట్ సంగతేమిటి? దానికి ముందు ఏమీ లేదు. ప్రేక్షకుడు ఖాళీ మనసుతో దాన్ని చూస్తాడు. ఆ తర్వాత వచ్చే ప్రతి షాట్‌ను మాత్రం దాని వెలుగులోనే చూస్తాడు. అంటే చిత్రం మొత్తానికి సూపు పళ్ళెం తొలి ఘట్టమే. అక్కడ మీరు ఏం పెడితే, తర్వాత కనిపించే ముఖాల్లో ప్రేక్షకుడు దాన్నే చదువుకుంటాడు. పళ్ళు తోముకోవడంతో మొదలుపెట్టిన చిత్రం ఆ పళ్ళెంలో ఏమీ వడ్డించలేదన్నమాట.

అదే బడిలో, నలభై ఏళ్ళ తర్వాత

మాస్కోలోని ఆ బడిలోనే చదివిన ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీ 1960లో పట్టా కోసం ఒక చిత్రం తీశాడు. పేరు 'ది స్టీమ్‌రోలర్ అండ్ ద వయొలిన్'. నిడివి 46 నిమిషాలు. ఇప్పుడు ఫిలిం కొరత లేదు, రంగుల ఫిలిం ఉంది, మాస్కోలోని పెద్ద స్టూడియో సాయం ఉంది. అయినా తొలి ఘట్టంలో పొదుపు చూడండి. ఒక చిన్న పిల్లవాడు వయొలిన్ పెట్టె పట్టుకుని ఇంటి నుంచి బయలుదేరతాడు. చుట్టుపక్కల పిల్లలు అతణ్ణి అడ్డగించి ఏడిపిస్తారు. పక్కనే రోడ్డు వేస్తున్న రోలర్ డ్రైవరు కలగజేసుకుని విడిపిస్తాడు.

జరిగింది అంతే. కానీ ఈ కొద్దిసేపట్లో మనకు ఎన్ని తెలిశాయి! పిల్లవాడు ఒంటరి. సంగీతం వల్లనే వేరైపోయాడు. అతనికి ఒక పెద్దవాడి అండ దొరికింది. సున్నితమైన వయొలిన్, బరువైన రోలర్ అనే రెండు లోకాలు పక్కపక్కన నిలబడ్డాయి. ఈ రెండు లోకాలు కలుస్తాయా అన్నదే మిగతా చిత్రం. ఎవరూ మనకు కథ ముందుగా చెప్పలేదు. వస్తువులే చెప్పాయి. ఈ చిత్రం 1961లో న్యూయార్క్ విద్యార్థి చిత్రోత్సవంలో మొదటి బహుమతి పొందింది.

బొమ్మల పుస్తకం

మన దేశానికి వద్దాం. సత్యజిత్ రే సినిమా బడిలో చదవలేదు. కలకత్తాలో ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా పనిచేస్తూ ఆదివారాలు, సెలవు రోజుల్లో 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పూర్తి స్క్రిప్టు లేదు. ఒక బొమ్మల పుస్తకం ఉంది. కథలోని ముఖ్యమైన దృశ్యాలను సిరాతో, కుంచెతో అందులో గీసుకున్నాడు. నిర్మాతలకు ఆ పుస్తకమే చూపించేవాడు.

1952 అక్టోబరు 27న తొలి చిత్రీకరణ జరిగింది. రెల్లు పూల పొలంలో అక్కాతమ్ముళ్ళు రైలు చూసే దృశ్యం. ఒక రోజులో సగం పని అయింది. మళ్ళీ వెళ్ళేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మిగతా సగం కోసం మరుసటి ఏడాది పూలు పూసేదాకా ఆగవలసి వచ్చింది. ఏడాది తర్వాత తీసిన షాట్లు పాత షాట్లతో అతకాలంటే ఎవరు ఎటు నుంచి వస్తున్నారు, వెలుగు ఎటు నుంచి పడుతోంది అన్నది ముందే నిర్ణయమై ఉండాలి. ప్రణాళిక అవసరం ఇంతకన్నా బాగా చెప్పే సంఘటన లేదు.

1955లో విడుదలైన ఆ చిత్రపు తొలి ఘట్టం ఒక జామకాయ చుట్టూ తిరుగుతుంది. పొరుగింటావిడ తోటలో దుర్గ కాయ తీసుకుని పరుగెడుతుంది. ఆవిడ తిడుతుంది. ఆ మాటలు నీళ్ళకు వచ్చిన తల్లి చెవిన పడతాయి. దుర్గ మాత్రం ఆ కాయను తీసుకుపోయి ముసలి మేనత్త గిన్నెలో పెడుతుంది. ఒక్క కాయతో ఇంటి పేదరికం, తల్లి ఆత్మాభిమానం, పిల్లకూ ముసలమ్మకూ మధ్య ఉన్న ప్రేమ మూడూ తెలిసిపోయాయి.

మన తెలుగులో బాపు గారు కూడా చిత్రకారుడే. 1967లో 'సాక్షి'తో దర్శకుడైన ఆయనకు షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునే అలవాటు ఉండేది. మీకు బొమ్మలు రావని దిగులు పడవద్దు. గీతలతో గీసిన మనిషి బొమ్మ చాలు. మనిషి తెరలో ఎంత భాగం ఉన్నాడు, ఎటు చూస్తున్నాడు అన్నది తెలిస్తే సరిపోతుంది.

ఇటీవలి ఉదాహరణ ఒకటి. 1960లో పుణేలో, పాత ప్రభాత్ స్టూడియో స్థలంలో ఏర్పడిన ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో టెలివిజన్ విభాగపు ఏడాది కోర్సు విద్యార్థి చిదానంద ఎస్. నాయక్ ఒక కన్నడ జానపద కథను 16 నిమిషాల చిత్రంగా తీశాడు. ఒక ముసలమ్మ ఊరి కోడిని ఎత్తుకుపోతుంది, ఊరికి తెల్లవారదు. చిత్రీకరణ నాలుగు రోజుల్లో ముగిసింది. 2024లో కాన్ చలనచిత్రోత్సవంలోని విద్యార్థి చిత్రాల విభాగంలో దానికి మొదటి బహుమతి వచ్చింది. నాలుగు రోజులే చేతిలో ఉన్నప్పుడు ఏ షాట్ ముందు, ఏ షాట్ వెనక అని అక్కడికి వెళ్ళాక ఆలోచిస్తే కుదరదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక మీ చిత్రం

ఒక కథ అనుకుందాం. ఊళ్ళో బోరింగు దగ్గర నీళ్ళ కోసం వరుసలో నిలబడవలసి రావడం వల్ల రోజూ బడికి ఆలస్యమయ్యే ఒక అమ్మాయి. ముందు ఒకే వాక్యం రాయండి: "ఈ అమ్మాయి కాలాన్ని నీళ్ళు తినేస్తున్నాయి." తొలి ఘట్టం ఈ వాక్యాన్ని మాటలు లేకుండా చెప్పాలి. ఇప్పుడు ఒక్కొక్క షాట్‌ను ఒక్కొక్క చీటీ మీద రాయండి.

1. నల్లని తెర. దూరంగా బడి గంట. 4 సెకన్లు.
2. బోరింగు పక్కన బారుగా పెట్టిన బిందెలు. మనుషులు కనిపించరు. 8 సెకన్లు.
3. బిందె మీద నోటుపుస్తకం ఆనించి లెక్క చేస్తున్న చేయి. 6 సెకన్లు.
4. బోరింగు కొడుతున్న చేయి, సన్నటి ధార. 7 సెకన్లు.
5. అమ్మాయి ముఖం. 4 సెకన్లు.
6. మళ్ళీ గంట. ముఖం మారదు. 5 సెకన్లు.
7. చిత్రం పేరు. నెమ్మదిగా రెండుసార్లు చదువుకునేంత సేపు, అంటే 5 సెకన్లు.

మొత్తం 39 సెకన్లు. చీటీలను నేల మీద పరిచి క్రమం మార్చి చూడండి. మూడవ చీటీని మొదటికి తెస్తే ఇది చదువు గురించిన చిత్రమవుతుంది. నాలుగవదాన్ని తెస్తే నీళ్ళ గురించిన చిత్రమవుతుంది. షాట్లు అవే, చిత్రం మాత్రం వేరు. ఈ ప్రయోగానికి ఖర్చు ఏడు చీటీలు. గడియారం పట్టుకుని, ఒకరు చదువుతుంటే మిగతావారు కళ్ళు మూసుకుని ఊహించండి. కులెషోవ్ శిష్యులు చేసింది దాదాపు ఇదే.

తర్వాత ఆ స్థలానికి వెళ్ళి, తీయబోయే వేళలోనే ఎండ ఎటు నుంచి పడుతుందో చూసి రాసుకోండి. గంట మోతను, బోరింగు చప్పుడును విడిగా, దగ్గరగా రికార్డు చేయండి. వీలైతే తొలి ఘట్టాన్ని మొదటి రోజున తీయకండి. బృందానికి చేయి తిరిగాక తీయండి. ముగింపు ఎడిటింగ్ అయ్యాక తొలి ఘట్టాన్ని మళ్ళీ ఒకసారి సరిచూసుకోండి. మొదట్లో వేసిన ప్రశ్నకు చివర జవాబు ఉందా?

ఫోనులో ఎంత తీసినా ఖర్చు లేదు కదా, ఈ శ్రమ ఎందుకు అని మీరు అడగవచ్చు. లెక్క మళ్ళీ చూద్దాం. రెండు నిమిషాల ఘట్టానికి రెండు గంటల దృశ్యాలు తీశారనుకోండి. వాటిని ఒక్కసారి చూడడానికే రెండు గంటలు పడుతుంది. పరీక్షల మధ్య ఆ సమయం మీకుందా? ఒకప్పుడు ఫిలింలో ఉన్న కొరత ఇప్పుడు మీ సమయంలోకి, ప్రేక్షకుడి ఓపికలోకి మారింది. అంతే తేడా.

ఒక బాధ్యత

చివరగా ఒక ముఖ్యమైన మాట. కులెషోవ్ ప్రయోగం మనకు ఒక శక్తిని ఇచ్చింది. ఒక మనిషి ముఖంలో అతను పడని బాధను, అతనికి లేని కోపాన్ని ప్రేక్షకుడి చేత చూపించగల శక్తి అది. కల్పిత కథలో, నటుడి ముఖంతో చేస్తే అది కళ. అదే నిజమైన ఊరిలో, నిజమైన మనిషి ముఖంతో చేస్తే? సర్పంచి ఎప్పుడో, ఎవరితోనో మాట్లాడుతూ నవ్విన నవ్వును ఎండిపోయిన బోరింగు పక్కన అతికిస్తే, ప్రజల కష్టానికి ఆయన నవ్వినట్టే ఉంటుంది. అందులో ప్రతి షాట్ నిజమే. వాటి కలయిక మాత్రం అబద్ధం. అదీ తొలి ఘట్టంలోనే చేస్తే, చిత్రం చివరిదాకా ఆయన ఏం చెప్పినా ప్రేక్షకుడు నమ్మడు.

కత్తిరించి అతికించిన దృశ్యాలు రోజూ మన ఫోనులకు వస్తున్న కాలమిది. కాబట్టి తొలి ఘట్టాన్ని నేర్చుకోవడం సినిమా తీసేవారికి మాత్రమే పనికివచ్చే విద్య కాదు. మీరు తీసేటప్పుడు, "నేను ఈ రెండు షాట్లను పక్కపక్కన పెట్టి చెబుతున్నది నిజమేనా?" అని అడగండి. ఇతరులు తీసినది చూసేటప్పుడు, "ఈ ముఖానికి ముందు నాకు ఏం చూపించారు?" అని అడగండి.

అభ్యాసం: మీకు నచ్చిన ఒక చిత్రపు మొదటి మూడు నిమిషాలను శబ్దం తీసేసి చూడండి. షాట్లు లెక్కపెట్టి, ఒక్కొక్కటి ఎన్ని సెకన్లు ఉందో పట్టిక వేయండి. తర్వాత మొదటి షాట్‌ను తొలగిస్తే మిగతావాటి అర్థం ఏమవుతుందో మీ మిత్రులతో చర్చించండి.