రెండు నియమాలు ఎదురుపడినప్పుడు: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో సామర్థ్యాల అన్వయ చరిత్ర

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కాల్పనిక పాత్రధారణ క్రీడలో 'సామర్థ్యం' అనే భావన ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు. ఒక పాత్రకున్న రెండు సామర్థ్యాలు ఒకేసారి పనిచేసినప్పుడు ఫలితాన్ని నిర్ణయించే సూత్రాలు కాలక్రమంలో ఎలా మారాయో గుర్తించగలుగుతారు. నియమాన్ని చదవడానికీ, నియమానికి అర్థం చెప్పే అధికారానికీ ఉన్న తేడాను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

2. పరిచయం

పులిజూదం ఆడేవారికి నియమాల పుస్తకం అవసరం రాదు. పులి ఎక్కడికి దూకగలదో, మేక ఎక్కడ నిలవాలో అరుగు మీద గీసిన గీతలే చెబుతాయి. ఎత్తు తప్పితే ఎదుటివారు వెంటనే పట్టుకుంటారు. ఆ ఆటలో పులి చేయగల పనులు లెక్కపెట్టదగినవి.

ఇప్పుడు మరొక రకం ఆటను ఊహించండి. ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు యోధుడి పాత్ర, ఒకరు మాంత్రికుడి పాత్ర, ఇంకొకరు దొంగ పాత్ర తీసుకుంటారు. మిగిలిన ఒకరు నిర్వాహకుడు. ఎదురయ్యే గుహలు, రాక్షసులు, గ్రామస్థులు అన్నీ ఆయన నోటి నుంచే వస్తాయి. 'తలుపు పగలగొడతాను', 'కాపలావాణ్ణి మాటల్లో పెడతాను' అని ఆటగాళ్లు ఏదైనా చెప్పవచ్చు. ఫలితం అనుమానంగా ఉన్నప్పుడు పాచికలు వేస్తారు. పాత్రకున్న బలం, చురుకుదనం, మంత్రాలు, ఆయుధాలు పాచిక అంకెకు తోడవుతాయి.

చిక్కు ఇక్కడే వస్తుంది. బలాన్ని పెంచే నడికట్టు ధరించిన యోధుడి మీద మిత్రుడు బలాన్ని పెంచే మంత్రం కూడా వేస్తే రెండూ కలుస్తాయా? పెద్దది మాత్రమే నిలుస్తుందా? ఒకటి మరొకదాన్ని తొలగిస్తుందా? బయటివారికి ఇది చిన్న లెక్కలా కనిపించవచ్చు. కానీ ఒక పాత్రను నెలల తరబడి, కొన్నిసార్లు సంవత్సరాల తరబడి ఆడతారు. రెండు అంకెల తేడాతో ఆ పాత్ర చనిపోవచ్చు. కాబట్టి 'నియమం ఏమంటోంది?' అనే ప్రశ్న వెనుక 'నియమం ఇదీ అని చెప్పే హక్కు ఎవరిది?' అనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. ఈ పాఠంలో ఆ రెండో ప్రశ్న చరిత్రను పరిశీలిద్దాం.

3. ప్రష్యా సైన్యంలో మధ్యవర్తి

ఈ ప్రశ్న ఆటకంటే పాతది. 1824లో ప్రష్యా సైనికాధికారి గెయోర్గ్ హైన్‌రిచ్ రుడాల్ఫ్ ఫాన్ రైస్విట్జ్ అధికారుల శిక్షణకు 'క్రీగ్స్‌ష్పీల్' అనే యుద్ధక్రీడను నియమబద్ధంగా ప్రచురించాడు. రెండు పక్షాలూ తమ ఆజ్ఞలను మధ్యవర్తికి అందజేస్తాయి. మధ్యవర్తి పాచికలు వేసి, పట్టికలు చూసి నష్టాన్ని లెక్కగడతాడు. ఒక్కో పక్షానికి యుద్ధభూమిలో తెలియదగినంత మాత్రమే తెలియజేస్తాడు.

కాలం గడిచేకొద్దీ పట్టికలు బరువయ్యాయి. 1876లో జనరల్ యూలియస్ ఫాన్ వెర్డీ దు వెర్న్వా వేరే దారి చూపాడు. అనుభవం గల మధ్యవర్తి పట్టికలనూ పాచికలనూ పక్కనపెట్టి తన వివేచనతోనే ఫలితం చెప్పవచ్చన్నది ఆయన వాదం. మొదటి పద్ధతికి కఠిన క్రీడ అనీ, రెండోదానికి స్వేచ్ఛా క్రీడ అనీ పేర్లు వచ్చాయి. మొదటిదానిలో న్యాయం అందరికీ సమానం, కానీ ఆట నెమ్మది. రెండోదానిలో ఆట వేగం, కానీ మధ్యవర్తి మీద నమ్మకం లేకపోతే ఏదీ నిలవదు. ఈ రెండు కొసలనూ గుర్తుంచుకోండి. తరువాతి చరిత్ర వీటి మధ్యనే ఊగిసలాడింది.

ఈ ఆలోచన అమెరికాకు చేరిన ఒక మార్గం స్పష్టంగా తెలుసు. 1880లో అమెరికా సైనికాధికారి చార్లెస్ టాటెన్ 'స్ట్రాటెగోస్' అనే యుద్ధక్రీడా గ్రంథాన్ని ప్రచురించాడు. మిన్నెసోటా రాష్ట్రపు జంట నగరాలలో ఆడుకునే డేవిడ్ వెస్లీ ఆ గ్రంథం ఆధారంగా మధ్యవర్తి ఉండే ఆటలు నడిపాడు. 1969లో ఆయన నడిపిన 'బ్రౌన్‌స్టైన్' అనే ఆటలో ఆటగాళ్లు సైన్యాలను కాక, ఒక్కొక్క వ్యక్తిని ఆడారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని 'బ్లాక్‌మూర్' అనే కాల్పనిక రాజ్యానికి తీసుకువెళ్లాడు.

4. 1974: మూడు చిన్న పుస్తకాలు

విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా పట్టణంలో గేరీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో 'చైన్‌మెయిల్' అనే మధ్యయుగ యుద్ధక్రీడను తెచ్చారు. అందులో మంత్రాలు, రాక్షసులతో కూడిన అనుబంధం ఒకటి ఉంది. ఈ అనుబంధమూ ఆర్నెసన్ అనుభవమూ కలిసి 1974లో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'గా వెలువడ్డాయి. టీఎస్ఆర్ సంస్థ మూడు చిన్న పుస్తకాలను ఒక పెట్టెలో పెట్టి, మొదటి విడత 1,000 ప్రతులు అమ్మింది.

ప్రతి పాత్రకూ ఆరు సామర్థ్యాలు: బలం, బుద్ధి, వివేకం, దేహదారుఢ్యం, చురుకుదనం, ఆకర్షణ. మూడు పాచికలు వేసి 3 నుంచి 18 వరకు అంకె నిర్ణయిస్తారు. అయితే 1974 పుస్తకాలలో ఈ అంకెలు చేసే పని చాలా తక్కువ. బలం 18 ఉన్న యోధుడి కత్తిదెబ్బకూ, 9 ఉన్న యోధుడి కత్తిదెబ్బకూ తేడా లేదు. బలం 15 లేదా అంతకు మించి ఉంటే యోధుడికి అనుభవ అంకెలు నూటికి 10 వంతులు ఎక్కువగా వస్తాయి, అంతే. సామర్థ్యాలు తక్కువ పని చేసినప్పుడు అవి ఒకదానికొకటి అడ్డుపడే సందర్భాలూ తక్కువే. ఖాళీలను నిర్వాహకుడు పూరించాలి. మీకు నచ్చిన రీతిలో నిర్ణయించుకోండి అని రచయితలే చెప్పారు. అంటే తొలి ఆట స్వేచ్ఛా క్రీడకు దగ్గర.

5. అధికారం రచయిత చేతికి

1975లో గైగాక్స్, రాబర్ట్ కుంట్జ్ కలిసి రాసిన 'గ్రేహాక్' అనుబంధం ఈ స్థితిని మార్చింది. బలం ఎక్కువైతే దెబ్బ తగిలే అవకాశమూ, దెబ్బ తీవ్రతా పెరిగాయి. బలం 18 ఉన్న యోధుడు మరల శాతపు పాచికలు వేసి 'అసాధారణ బలం' పొందవచ్చు. సామర్థ్యానికి విలువ వచ్చేసరికి దాన్ని పెంచే వస్తువులకూ విలువ వచ్చింది, వాటితో వివాదాలూ వచ్చాయి.

ఒక్కో ఊరిలో ఒక్కో రీతిలో ఆడుతుంటే పోటీలు నిర్వహించడం కష్టం. అందువల్ల గైగాక్స్ 'అడ్వాన్స్‌డ్' రూపాన్ని తయారుచేశాడు. ఆటగాళ్ల గ్రంథం 1978లో, నిర్వాహకుల గ్రంథం 1979లో వచ్చాయి. ఏకరూపత ఆయన ప్రకటిత ఆశయం. కానీ సామర్థ్యాల కలయికకు సాధారణ సూత్రం లేదు, విడివిడి ఆదేశాలే ఉన్నాయి. ఉదాహరణకు, రక్షణ ఉంగరం మంత్రకవచంతో కలిసి రక్షణ సంఖ్యను పెంచదు, మామూలు కవచంతో అయితే పెంచుతుంది. బలాన్నిచ్చే చేతొడుగులు, నడికట్టు సాధారణంగా కలవకపోయినా ఒక ప్రత్యేకమైన సుత్తి చేతిలో ఉంటే కలుస్తాయి. ఇలాంటివి గుర్తుపెట్టుకోవాలే తప్ప, ఒకదాని నుంచి మరొకటి ఊహించలేం.

ఊహించలేనప్పుడు ఎవరినైనా అడగాలి. 1979లోనే 'డ్రాగన్' పత్రికలో 'సేజ్ అడ్వైస్' అనే ప్రశ్నోత్తరాల శీర్షికను జీన్ వెల్స్ ప్రారంభించారు. పాఠకులు ఉత్తరాలు రాస్తే ప్రచురణ సంస్థ తరఫున సమాధానాలు వచ్చేవి. చరిత్ర విద్యార్థిగా మీరు గమనించవలసింది ఇది: నిర్వాహకుడి మాటపై అప్పీలు చేసుకునే చోటు ఒకటి ఏర్పడింది. బల్ల దగ్గరి తీర్పుకు పైన పత్రిక తీర్పు వచ్చింది.

6. 2000: రకాల సూత్రం

1997లో టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ కొన్నది. 2000లో జొనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ రూపొందించిన మూడో కూర్పు వచ్చింది, 2003లో దాని సవరణ వచ్చింది. ఇందులో అదనపు అంకెలకు రకాలు ఏర్పరచారు. ఒకే రకానికి చెందిన రెండు అదనాలు సాధారణంగా కలవవు, పెద్దదే లెక్కకు వస్తుంది. వేర్వేరు రకాలైతే కలుస్తాయి. రకం పేరు చెప్పని అదనాలు కూడా, ఒకే మూలం నుంచి రానంతవరకు, కలుస్తాయి.

ఉదాహరణ: బలం 16 ఉన్న యోధుడికి నడికట్టు 4 కలుపుతుంది, మిత్రుడి మంత్రం 4 కలుపుతుంది. 2003 సవరణ ప్రకారం రెండూ ఒకే రకం. కాబట్టి బలం 24 కాదు, 20. అదే యోధుడు మంత్రం బదులు ఆవేశం తెచ్చుకోగల ఆటవిక యోధుడైతే ఆ ఆవేశం ఇచ్చే 4కు రకం పేరు లేదు. అప్పుడు బలం 24 అవుతుంది. 20కి దాడిలో అదనం 5, 24కి 7. 20 ముఖాల పాచిక మీద ఒక్కో అంకె విలువ సాధారణంగా నూటికి 5 వంతులు. అంటే రకం పేరు ఉందా లేదా అన్న దానిమీద గెలుపు అవకాశం నూటికి 10 వంతులు మారింది.

ఇక్కడ అధికారం రచయిత నుంచి పాఠానికి మారింది. సూత్రం తెలిసిన ఆటగాడు ఎవరినీ అడగకుండా ఫలితం చెప్పగలడు. కఠిన క్రీడ తిరిగి వచ్చింది. దానితో పాటు పాత బరువూ వచ్చింది: ఏ అదనం ఏ రకమో రాసుకోవడానికే ఆటగాళ్లకు కాగితాలు నిండేవి.

7. 2014: సాధారణం, ప్రత్యేకం

2014లో వచ్చిన ఐదో కూర్పు రకాలను చాలావరకు వదిలి, మరొక సూత్రాన్ని ముందు పెట్టింది. సాధారణ నియమానికీ ప్రత్యేక నియమానికీ విరోధం వస్తే ప్రత్యేకమే నిలుస్తుంది. వ్యాకరణం చదివిన మీకు ఇది కొత్త కాదు. ఉత్సర్గాన్ని అపవాదం బాధిస్తుందని సంస్కృత వ్యాకరణ సంప్రదాయం చెబుతుంది. సాధారణ శాసనంపై ప్రత్యేక శాసనానిదే పైచేయి అని న్యాయశాస్త్రమూ చెబుతుంది. ఈ ఆట రూపకర్తలు పాణినిని అనుసరించారని దీని అర్థం కాదు. నియమాలు పెరిగిన ప్రతిచోటా ఇలాంటి సూత్రం అవసరమవుతుంది.

అయితే ఈ సూత్రం అన్ని చిక్కులనూ విప్పదు. ఆటవిక యోధుడికి కవచం లేనప్పుడు రక్షణ సంఖ్య 10తో చురుకుదనపు అదనం, దేహదారుఢ్యపు అదనం కలిపితే వస్తుంది. మిత్రుడు వేసే కవచమంత్రం రక్షణ సంఖ్యను 13తో చురుకుదనపు అదనం కలిపి లెక్కించమంటుంది. చురుకుదనపు అదనం 3, దేహదారుఢ్యపు అదనం 2 అనుకోండి. మొదటి లెక్క 15, రెండో లెక్క 16. రెంటినీ కలిపి 18 అనడం కుదరదు. రెండూ ప్రత్యేకమే, రెండూ లెక్కించే పద్ధతులే. ఒక పద్ధతిని ఎంచుకోవాలి, కాబట్టి 16. చేతిలో డాలు ఉంటే మరో 2 కలిసి 18 అవుతుంది. ఎందుకంటే డాలు పద్ధతి కాదు, పద్ధతి మీద కలిసే అంకె.

8. అక్షరమా, ఆశయమా?

నియమంలోని ఒక్క పదం ఎంత పని చేస్తుందో చూడండి. దొంగ పాత్రకు 'చాటుదెబ్బ' అనే సామర్థ్యం ఉంది. అది వంతుకు ఒకసారి వాడవచ్చునని నియమం, చుట్టుకు ఒకసారి అని కాదు. ఒక చుట్టులో అందరి వంతులూ వస్తాయి. కాబట్టి శత్రువు తన వంతులో పారిపోతుంటే దొంగ వేసే ఎదురుదెబ్బకు, మిగతా షరతులు కుదిరితే, చాటుదెబ్బ మళ్లీ తోడవుతుంది. ఇక్కడ అక్షరార్థం పట్టుకుంటే ఆట చక్కగానే నడుస్తుంది.

మరొక చోట అక్షరార్థం ఇబ్బంది పెట్టింది. 2014 గ్రంథంలో అదృశ్య స్థితికి రెండు వాక్యాలు విడివిడిగా ఉన్నాయి. ఒకటి, ఆ ప్రాణి కంటికి కనబడదని. రెండోది, ఆ ప్రాణిపై దాడి చేసేవారు ప్రతికూల స్థితిలో ఉంటారని. అదృశ్యాన్ని చూడగలిగే మంత్రం మొదటి వాక్యాన్ని మాత్రమే తొలగిస్తుంది. అక్షరార్థం ప్రకారం, ఎదుటివాణ్ణి స్పష్టంగా చూస్తున్నవాడు కూడా చూడలేనివాడిలాగే తడబడాలి. ఆశయాన్ని బట్టి చూస్తే ఇది పొసగదు. చాలా బల్లల దగ్గర నిర్వాహకులు అక్షరాన్ని పక్కనపెట్టారు. 2024 కూర్పులో నియమాన్నే సవరించారు: చూడగలిగినవారి విషయంలో ఆ ప్రయోజనం లేదు. బల్ల దగ్గరి వివేచన ముందు నడిచింది, పుస్తకం తరువాత నడిచింది.

9. అన్వయానికి ఒక క్రమం

రెండు సామర్థ్యాలు ఎదురుపడినప్పుడు ముందు రెండింటినీ పూర్తిగా చదవండి. ఒక్కొక్కటి మార్చేది అంకెనా, లెక్కించే పద్ధతినా, లేక ఒక అనుమతినా అని తేల్చుకోండి. తరువాత వాటిలో ఏదైనా రెండోదానికి అపవాదంగా రాసి ఉందేమో చూడండి. వాడిన పదాలకు ఆటలో ప్రత్యేక అర్థం ఉందేమో చూడండి. అప్పటికీ తేలకపోతే, ఆ సామర్థ్యం ఎందుకు పెట్టారో ఆలోచించండి.

ఆపైన మిగిలేది నిర్వాహకుడి నిర్ణయం. అది న్యాయంగా ఉండాలంటే రెండు షరతులు తప్పనిసరి. ఆటగాడికి ఇచ్చిన అర్థమే అతని శత్రువుకూ ఇవ్వాలి. అలాగే నిర్ణయం పాచిక వేయకముందే చెప్పాలి. పాచిక పడ్డాక చెప్పిన అర్థం, ఎంత సరైనదైనా, ఒకరిని గెలిపించడానికో ఓడించడానికో చెప్పినట్టే వినిపిస్తుంది.

10. సారాంశం

1974లో నిర్వాహకుడి చేతిలో ఉన్న అన్వయాధికారం, 1979 నాటికి రచయితకూ పత్రికకూ, 2000లో పాఠానికీ మళ్లింది. 2014 తరువాత సాధారణ-ప్రత్యేక సూత్రంతో కొంత తిరిగి నిర్వాహకుణ్ణి చేరింది. ప్రతి మార్పూ ముందున్న లోపాన్ని సరిదిద్దింది, కొత్త ఖాళీని మిగిల్చింది. ఏ పుస్తకమూ అన్ని కలయికలనూ ముందుగా ఊహించలేదు. ఆ ఖాళీలో నిలబడేది బల్ల చుట్టూ ఉన్నవారి పరస్పర నమ్మకం. నియమాల పుస్తకం ఆ నమ్మకానికి ఆధారం కాగలదు కానీ, దాని స్థానంలో కూర్చోలేదు.

మాదిరి ప్రశ్నలు

అ) కఠిన క్రీడ, స్వేచ్ఛా క్రీడల మధ్య భేదాన్ని తెలిపి, 2000 నాటి కూర్పు దేనికి దగ్గరో కారణాలతో వివరించండి.

ఆ) చురుకుదనపు అదనం 2, దేహదారుఢ్యపు అదనం 4 ఉన్న ఆటవిక యోధుడిపై కవచమంత్రం వేస్తే ఐదో కూర్పు ప్రకారం ఏ లెక్క మేలు? ఎందుకు?

ఇ) అదృశ్య స్థితి ఉదాహరణ ఆధారంగా, నియమాన్ని అక్షరార్థంలో చదవడంలోని మేలునూ పరిమితినీ చర్చించండి.