బందరు వాసి కట్టిన ‘గెయిటీ’.. ఆనవాలు లేదు

మచిలీపట్నం: మద్రాసు నగరంలో ఒక భారతీయుడు సొంతంగా నిర్మించుకున్న మొట్టమొదటి సినిమాహాలు ‘గెయిటీ’. 1914లో దానిని కట్టించినవారు బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు. తెలుగు సినిమా పితామహుడిగా ఆయన పేరు జిల్లాలో చాలామందికి తెలుసు. కానీ ఆ పేరుకు పునాది అయిన థియేటరు సంగతి తెలిసినవారు అరుదు.

వెంకయ్య యుక్తవయసులోనే బందరు విడిచి మద్రాసు చేరారు. మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో నెలకొల్పి స్థిరపడ్డారు. కదిలే బొమ్మలపై ఆయన చూపు మళ్లింది 1909 ప్రాంతంలో. గామాంట్ సంస్థ తయారుచేసిన ‘క్రోనోమెగాఫోన్’ అనే యంత్రాన్ని 30 వేల రూపాయలకు కొన్నారు. నాటి లెక్కలో అది ఒక కుటుంబం తరతరాలు కూర్చుని తినదగిన సొమ్ము. తెరపై బొమ్మ కదులుతుండగా దానికి జోడించిన గ్రామఫోను పళ్లెం నుంచి మాట, పాట వెలువడేవి. సభ చివరి వరుస దాకా వినిపించేందుకు ఒత్తిడితో కూడిన గాలిని ఉపయోగించి శబ్దాన్ని పెంచేవారు. బొమ్మకు, పళ్లేనికి వేగం ఏ కొంచెం తప్పినా పెదవుల కదలిక ఒకచోట, మాట మరోచోట! అయినా జనం విరగబడి చూశారు. విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చిన అనంతరం ఆయన డేరా వేసుకుని ఊరూరా తిరిగారు. సముద్రం దాటి సింహళం, బర్మాలకూ వెళ్లారు.

డేరా ఎంతకాలమైనా డేరాయే. గాలివాన వస్తే ఆట ఆగిపోవలసిందే. పర్యటనల్లో కూడబెట్టిన ధనంతో వెంకయ్య మద్రాసు తిరిగివచ్చి, మౌంట్ రోడ్డుకు చేరువలోని బ్లాకర్స్ రోడ్డులో గెయిటీని నిర్మించారు. అంతకుముందు నగరంలోని సినిమాహాళ్లు తెల్లదొరలవే. దక్షిణ భారతంలో భారతీయుడు కట్టిన తొలి శాశ్వత థియేటరు కూడా గెయిటీయేనని చెబుతారు. కోయంబత్తూరు వారు మాత్రం సామికన్ను విన్సెంట్ నిర్మించిన వెరైటీ హాలుకు ఆ గౌరవం ఇస్తారు. ఆ పోటీ ఎలా తేలినా, మద్రాసు వరకు మొదటి స్థానం గెయిటీదే.

గెయిటీ ఇచ్చిన ధైర్యంతో మింట్ స్ట్రీటులో ‘క్రౌన్’, పురసవాక్కంలో ‘గ్లోబ్’ వెలిశాయి. ఈ గ్లోబే తరువాత ‘రాక్సీ’గా పేరు మార్చుకుంది. హాళ్లలో ఆడేవి అధికంగా విదేశీ మూకీ చిత్రాలు. మన కథలు మనమే తీయాలన్న తలంపుతో వెంకయ్య తన కుమారుడు ప్రకాశ్‌ను చిత్రనిర్మాణం అభ్యసించేందుకు విదేశాలకు పంపారు. ఆయన తిరిగివచ్చాక తండ్రీకొడుకులు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ సంస్థను స్థాపించి, 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ నిర్మించారు. భీష్ముడు ప్రకాశే. గంగ పాత్రకు మన స్త్రీలెవరూ ముందుకు రాని రోజులు కావడంతో పెగ్గీ కాస్టెలో అనే ఆంగ్లో ఇండియన్ యువతి ఆ పాత్ర ధరించారు. సినిమాహాళ్ల రాబడి చిత్రనిర్మాణానికి ఆధారమైన తీరు ఇక్కడే కనిపిస్తుంది. చిక్కు వచ్చిపడిందీ ఇక్కడే. చిత్రనిర్మాణంలో నష్టాలు, అప్పులు పెరిగి, మూకీల కాలం ముగిసేనాటికి హాళ్లు వెంకయ్య చేయి దాటిపోయాయి. 1931లో దక్షిణాదికి టాకీ వచ్చింది. బొమ్మచేత మాట పలికించే యంత్రాన్ని అందుకు ఇరవై ఏళ్లకు ముందే జనానికి చూపిన మనిషికి ఆ టాకీ ఆడించుకునేందుకు సొంత తెర మిగలలేదు. ఆయన 1941లో కన్నుమూశారు.

చేతులు మారిన గెయిటీ ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు సినిమాలు ఆడించింది. చివరకు మూతపడి నేలమట్టమైంది. వెంకయ్య పేరును నిలిపేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో పురస్కారాన్ని నెలకొల్పి, తొలిసారి ఎల్.వి.ప్రసాద్‌కు అందజేసింది. హాలును నిలుపుకొనే ఆలోచన మాత్రం సాగలేదు. ఇదే మౌంట్ రోడ్డులో 1913 ప్రాంతంలో వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు నడిపిన ‘ఎలక్ట్రిక్ థియేటర్’ మూతపడ్డాక తపాలా శాఖ చేతికి వచ్చింది. సినిమా ఆడింది కొద్దికాలమే అయినా ఆ కట్టడం కూలలేదు. అణ్ణాసాలై తపాలా కార్యాలయ ఆవరణలో తపాలా బిళ్లల సేకర్తలకు అదే కేంద్రమైంది.