సగం జపాన్

హైటెక్ సిటీ దారుల్లో రోజూ తిరిగేవాళ్ళకి సమురాయ్ కొత్తవాడేం కాదు. యానిమేలో చూస్తారు, గేముల్లో ఆడతారు, ఆఫీసు ట్రైనింగుల్లో క్రమశిక్షణ గురించి చెప్పే స్లైడ్ మీద కూడా అతనే ఉంటాడు. అన్నిచోట్లా చేతిలో కత్తి ఉంటుంది. కానీ జపాన్ ఆధునికం కావడంలో అసలు ఘట్టం సమురాయ్ కత్తి పట్టడం కాదు, దించడం. వందేళ్ళ క్రితం ఆ దేశం ఎలా మారిందో చూసి రమ్మని మన హైదరాబాద్ రాజ్యం ఒక మనిషిని జపాన్ పంపింది. అక్కడి పాఠంలో ఇక్కడివాళ్ళు ఏది తీసుకున్నారు, ఏది వదిలేశారు అన్నదే ఈ వ్యాసం.

ముందు సమురాయ్‌ల సంగతి చూద్దాం. 1603లో తోకుగావా షోగున్ల పాలన మొదలైంది. పదిహేడో శతాబ్దం సగానికి వచ్చేసరికి దేశంలో పెద్ద యుద్ధాలు ఆగిపోయాయి. తర్వాతి రెండు వందల ఏళ్ళు యుద్ధం లేని యోధులు ఏం చేశారు? లెక్కలు రాశారు. శిస్తు దస్తరాలు చూశారు, ధాన్యం కొలిపించారు, తగవులు తీర్చారు. కుటుంబాలతో కలిపి జనాభాలో ఐదారు శాతం ఉండే ఈ వర్గం ప్రభువు ఇచ్చే బియ్యం జీతం మీద బతికేది. నడుముకి రెండు కత్తులు ఉండేవి గానీ, అవి ఎక్కువగా హోదాకి గుర్తు. దిగువ స్థాయి సమురాయ్‌లలో చాలామందికి అప్పులే మిగిలేవి.

1868లో షోగున్ల పాలన కూలి మెయిజీ శకం మొదలైంది. కూల్చినవాళ్ళు బయటివాళ్ళు కాదు, సత్సుమా, చోషూ లాంటి సంస్థానాల సమురాయ్‌లే. ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో వాళ్ళు తమ వర్గాన్నే రద్దు చేసుకున్నారు. 1871లో సంస్థానాలు పోయాయి. 1873లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది, అంటే యుద్ధం చేయడం ఇక ఒక్క వర్గం సొత్తు కాదు. 1876లో సైనికులు, పోలీసులు లాంటి కొందరు తప్ప ఇంకెవరూ బయట కత్తి ధరించకూడదన్నారు. అదే ఏడాది వంశపారంపర్య జీతాలు ఆపేసి, వాటి బదులు ప్రభుత్వ బాండ్లు చేతిలో పెట్టారు. ఇదంతా ఆదర్శం కోసమే అనుకోకూడదు. ఆ జీతాలు ప్రభుత్వ ఆదాయంలో సుమారు మూడో వంతు తినేస్తున్నాయి మరి.

ఎదురు తిరిగినవాళ్ళూ ఉన్నారు. కొత్త ప్రభుత్వాన్ని నిలబెట్టిన నాయకుల్లో ఒకడైన సైగో తకమోరి 1877లో సత్సుమా తిరుగుబాటుకి నాయకుడయ్యాడు. రైతుబిడ్డలు నిండిన నిర్బంధ సైన్యం చేతిలో ఓడిపోయాడు. మిగతా సమురాయ్‌లు బడిపంతుళ్ళయ్యారు, పోలీసులయ్యారు, పత్రికలు నడిపారు. కొందరు బాండ్లు అమ్ముకుని దుకాణాలు పెట్టి మునిగిపోయారు. తెలియని పనిలో దిగి నష్టపోతే ‘సమురాయ్ వ్యాపారం’ అనే మాట జపనీస్‌లో ఇప్పటికీ ఉంది. రైతులకీ సుఖం లేదు. 1873 నుంచి పంట ఎలా ఉన్నా భూమి విలువలో మూడు శాతం నగదుగా కట్టాలి, పైగా కొడుకుని సైన్యానికి పంపాలి. తిరగబడితే 1877లో పన్ను రెండున్నర శాతానికి దిగింది. కొత్త జపాన్ ఖర్చులో పెద్ద భాగం పొలాల నుంచే వచ్చింది.

ఇక ‘బుషిదో’. ఈ పేరుతో ప్రపంచమంతా చదివిన పుస్తకాన్ని నితోబె ఇనాజో 1900లో, అమెరికాలో, ఇంగ్లీషులో రాశాడు. అప్పటికి సమురాయ్ వర్గం పోయి దాదాపు పాతికేళ్ళయింది. మనం స్లైడ్ మీద చూసే సమురాయ్ చాలావరకు ఆ తర్వాత తయారైనవాడే. ఇరవయ్యో శతాబ్దంలో జపాన్ సైన్యం అదే బొమ్మని చూపించి మామూలు కుర్రాళ్ళని చావుకి పంపింది.

జీతాలతో పాటు ఇంకో పెద్ద ప్రశ్న కూడా ఆ రోజుల్లోనే తేలింది. కొత్త చదువులు ఏ భాషలో? సత్సుమా సమురాయ్ మోరి అరినోరి అమెరికాలో దౌత్యవేత్తగా ఉన్నప్పుడు, జపనీస్‌తో పని జరగదు, ఇంగ్లీషు తెచ్చుకుందాం అన్నాడు. యేల్ భాషావేత్త విట్నీ ఆ ఆలోచన వద్దని జవాబు రాశాడు. తోసా సమురాయ్ కుటుంబంలో పుట్టిన బాబా తత్సుయి 1873లో లండన్ నుంచి గట్టిగా వాదించాడు. ఇంగ్లీషు నేర్చుకునే తీరిక డబ్బున్నవాళ్ళకే ఉంటుంది, పైవాళ్ళూ కిందివాళ్ళూ ఒకరికొకరు అర్థం కాకుండా పోతారు అన్నది అతని భయం. చివరికి జపాన్ తన భాషలోనే చదువు చెప్పింది. నిషి అమనె లాంటివాళ్ళు కూర్చుని తత్వశాస్త్రం అనే మాటతో సహా వందల పదాలు కొత్తగా కట్టారు. ఇంగ్లీషు కావాలన్న మోరి 1885లో మొదటి విద్యామంత్రి అయినా ఆ దారి మారలేదు.

1905లో రష్యాని జపాన్ ఓడించాక ఆసియా అంతా అటు తిరిగి చూసింది. హైదరాబాద్ కూడా చూసింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చారు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. బోధన ఉర్దూలో. వైద్యం, ఇంజనీరింగ్ కూడా భారతీయ భాషలో చెప్పాలని పూనుకున్న విశ్వవిద్యాలయం అది. పుస్తకాలు తయారుచేయడానికి అనువాద శాఖ పెట్టారు. అరబ్బీ, పర్షియన్ ధాతువుల నుంచి వేల పారిభాషిక పదాలు పుట్టించారు. నిషి అమనె చేసిన పనే ఇదీ.

ఈ ప్రయత్నం వెనక ఉన్నవాళ్ళలో రాష్ట్ర విద్యాశాఖ డైరెక్టర్ సయ్యద్ రాస్ మసూద్ ఒకరు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. ఫార్‌స్టర్ ‘ఎ పాసేజ్ టు ఇండియా’ అంకితమిచ్చింది ఈయనకే. ఈయన్నే 1922లో జపాన్ పంపారు. వచ్చాక జపాన్ విద్యావిధానం మీద రాసిన పుస్తకం 1923లో అచ్చయింది. సొంత భాషలో చదువు చెప్పి ఒక ఆసియా దేశం యూరప్‌తో సమానంగా నిలబడిందన్నది హైదరాబాద్ వినాలనుకున్న మాట. దానికి తోడు, జపాన్ బడుల్లో 1890 నుంచి చక్రవర్తి పట్ల విధేయత కూడా పాఠమే. కొత్త విద్యా కావాలి, పాత సింహాసనమూ నిలవాలి అనుకునే రాజ్యానికి అంతకంటే నచ్చే నమూనా ఇంకేముంటుంది?

కానీ సొంత భాష అంటే ఎవరి సొంతం? మసూద్ జపాన్ వెళ్ళడానికి ముందు సంవత్సరం, 1921 నవంబరులో, హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడే భాష రాజధానిలో ఒక సభలో కూడా నిలబడలేని రోజులవి. జపాన్ రైతుబిడ్డకి బడి భాష తన దేశపు భాష. నల్గొండ రైతుబిడ్డకి ఉస్మానియా ఉర్దూ ఇంగ్లీషు కన్నా దగ్గరే కావచ్చు గానీ, ఇంటి భాష కాదు. అంటే బాబా తత్సుయి భయపడిన గోడ ఇక్కడ ఇంగ్లీషు లేకుండానే లేచింది.

రెండోది, కత్తి దించే పని. జపాన్ 1876లో వంశపారంపర్య జీతాలు ఎత్తేస్తే, హైదరాబాద్‌లో జాగీర్లు 1949 ఆగస్టు దాకా ఉన్నాయి. డెబ్బై మూడేళ్ళ తేడా. రాజ్యం భూమిలో దాదాపు మూడో వంతు జాగీర్దార్ల చేతిలో ఉండేది. పల్లెల్లో దొరలు, దేశ్‌ముఖ్‌ల కింద వెట్టి నడిచేది. ఇక్కడి ప్రభువర్గం విశ్వవిద్యాలయం కట్టింది, ఆర్ట్స్ కాలేజీ లాంటి గొప్ప భవనం నిలబెట్టింది. తన హక్కులు మాత్రం వదులుకోలేదు. 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటం, 1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత గానీ అవి పోలేదు. జపాన్ నుంచి తెచ్చుకున్నది సగమే. ఆ మిగతా సగాన్ని ఏ నివేదికా తీసుకురాలేదు, దాన్ని జనమే గుంజుకోవాల్సి వచ్చింది.

ఆ గొడవలో మంచిది కూడా కొట్టుకుపోయింది. 1948 తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది. ఉర్దూ పోయిన చోటికి తెలుగు రాలేదు. భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగ్ చెప్పొచ్చని ఏళ్ళ తరబడి చేసి చూపించిన అనుభవం, అది ఎవరి భాష అన్న తగాదాలో కలిసి మరుగున పడిపోయింది.

ఇప్పుడు ప్రగతి నగర్ లాంటి చోట ఈ చర్చ పాతదిగా కనిపించవచ్చు. కాలనీ పేరులోనే ప్రగతి ఉంది, అది ఇంగ్లీషుతోనే వస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు. పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేసే తల్లిదండ్రులని తప్పుపట్టలేం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా తన కూతురికి అదే కావాలంటాడు, అడగడం అతని హక్కు. నిచ్చెన ఒక్కటే ఉన్నప్పుడు ఎక్కొద్దని ఎవరికైనా ఎలా చెప్తాం? కానీ నిచ్చెన ఒక్కటే ఎందుకుందని అడగొచ్చు. హైకోర్టు తీర్పు, ఇన్సూరెన్స్ పత్రం, డిశ్చార్జ్ సమ్మరీ, మనమే రాసే యాప్‌లోని షరతులు: వీటిలో ఎన్ని ఆ వాచ్‌మన్ తనంతట తాను చదువుకోగలడు?

సమురాయ్ నుంచి నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే అది స్లైడ్ మీద ఉండే క్రమశిక్షణ కాదు. చదువుకున్న వర్గం, తన చదువే తన హోదాగా బతుకుతున్న వర్గం, ఆ హోదాని ఇష్టంగానో అయిష్టంగానో వదులుకున్న కథ అది. ఈ కారిడార్‌లో ఇంగ్లీషు మన నడుముకున్న కత్తి. తీసి పారేయమని ఎవరూ అనడం లేదు. మనకి తెలిసింది తెలుగులో రాసి పెట్టడానికి, అడిగినవాళ్ళకి తెలుగులో విప్పి చెప్పడానికి మాత్రం ఏ ఫర్మానా అక్కర్లేదు.